ప్రాథమిక పాఠశాలలలో ముందు చేయవలసిన పని

బడులు తెరచినప్పుడెల్ల ఉపాధ్యాయుని బల్లపైకి క్రొత్త ఉత్తరువులు వచ్చిపడుట మన రాష్ట్రమున ఆచారమైపోయినది. భోజనపు లెక్క, ఛాయాచిత్రములు, హాజరు నమోదు, ఉత్సవములు: వేనిని విడిగా చూచినను నిందింపదగినది కాదు. అన్నియు గూడి ప్రొద్దుటి వేళను మ్రింగుచున్నవి. మిగిలిన కొలది కాలములో దేనికి అగ్రస్థానమీయవలెనో నిర్ణయింపక తప్పదు.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఈ విషయమున సందేహమునకు తావీయలేదు. చదివి గ్రహించుట, మొదటి లెక్కలు, ఈ రెండును అబ్బని పిల్లవానికి తక్కిన విధానమంతయు నిరర్థకమేయని అది యొప్పుకొన్నది. 2021 జూలైలో ఆరంభమైన నిపుణ్ భారత్ 2026-27ను గడువుగా నిర్ణయించినది. గడువు పెట్టుట సులభము. దేశమందలి గ్రామములలో ‘అసర్’ వారు 2024లో పరీక్షింపగా, రెండవ తరగతి పాఠమును చదువగలిగిన మూడవ తరగతి పిల్లలు నూటికి 27.1 మంది మాత్రమే. 2022లో వీరు 20.5 మంది. ఈ వృద్ధికి సంతసింతము గాని, చదువలేని మిగిలినవారి మాటయేమి? వారును పై తరగతికి పోవుచునే యున్నారు.

కొల్లేటి లంకలలో ఈ చిక్కు మరింత స్పష్టముగా గానవచ్చును. చేపలచెరువు కావలికై తలిదండ్రులు గట్టుమీది పాకకు మారినచో పిల్లలును మారుదురు. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేట చేరి లంకల త్రోవలను ముంచెత్తినది. కొన్ని వారములకు పిల్లవాడు మరలివచ్చునప్పటికి పాఠము వానిని విడిచి చాల దూరము పోయియుండును. పాఠ్యక్రమము ముగించుటయే ఉపాధ్యాయుని ధర్మమనినచో ఆయన వెనుదిరిగి చూడజాలడు. రోజునకొక గంట తరగతిభేదము విడిచి, పిల్లలను వారి చదువు స్థాయినిబట్టి కూర్చుండబెట్టి బోధించు పద్ధతి యొకటి కలదు. ప్రథమ్ సంస్థ దీనిని ఆచరించి చూపినది. 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానమందిన బెనర్జీ, డుఫ్లోలు దీని ఫలితములను శోధించి మేలైనదని తేల్చిరి. దీనికి మేడలక్కరలేదు. ఆ గంటను ఎవ్వరును హరింపకుండిన చాలును.

అట్లైన ఆటపాటలు, చిత్రలేఖనము మూలబడునని కొందరు శంకింతురు. శంక న్యాయమైనదే. అక్షరములను వల్లెవేయించుటయే ప్రాధాన్యమని భ్రమించు అధికారులు లేకపోలేదు. కాని పాట పాడించి పదము నేర్పరాదా? కొల్లేటి పక్షులను లెక్కించుచు కూడికలు చేయింపరాదా? తగ్గింపవలసినవి పిల్లల ఆటలు గావు, ఉపాధ్యాయుని పుస్తకములలోని గడులు.

2022లో 117వ సంఖ్యగల ఉత్తరువుచేత 3, 4, 5 తరగతులు ఉన్నతపాఠశాలలకు తరలింపబడెను. 2025లో ఆ ఏర్పాటు రద్దయ్యెను. చదువు నిలదొక్కుకొనవలసిన మూడవ తరగతినే ఇట్లు మూడేండ్లలో అటునిటు త్రిప్పుట మాకు సమంజసముగా తోచదు. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినదని మనము గర్వింతుము. లంకలోని బాలిక దాని ద్వారమును చేరునా, లేదా యనునది ఆమె తొమ్మిదవ యేటనే చాలవరకు తేలిపోవుచున్నది.

ఏలూరు పట్టణమందలి సంపన్నులు తమ బిడ్డలను ప్రైవేటు బడులకు పంపి, సర్కారు బడి తమ విషయము కాదనుకొనుచున్నారు. విద్యాహక్కు చట్టమునుబట్టి సర్కారు బడుల యాజమాన్య సంఘములలో మూడువంతులు తలిదండ్రులుండవలెను. రైతులును చెరువుల యజమానులును తమ కూలీల బిడ్డలను బడివేళ పనికి పిలువకుండిన, ఆ సంఘములకు అంతకన్న సాయము వేరుండదు. సంఘమువారు ఈసారి కూడినప్పుడు గోడల రంగును గూర్చి గాక, మూడవ తరగతిలో ఎందరు పుటను తడబడక చదువుచున్నారో అడుగుదురు గాక. పేరు పేరునా చదివించి వినుటకు ఒక్క పూట చాలును.