ఆమె నిరీక్షణకి తేదీ లేదు

అమెరికా ఇమ్మిగ్రేషన్ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా కనిపించే మాట 'డిపెండెంట్'. మిగిలిన మాటలన్నీ ఏదో ఒక ముసుగు వేసుకుని వస్తాయి. ఇది మాత్రం ఆమె ఎవరో, ఎవరి మీద ఆధారపడి బతకాలో మొహం మీదే చెబుతుంది. హెచ్1బి మీద వెళ్ళిన మనిషి జీవిత భాగస్వామికిచ్చే హెచ్4 వీసా గురించి మాట్లాడుతున్నాను. చట్టంలో భార్య అని ఎక్కడా రాయలేదు కదా, 'స్పౌస్' అనే ఉంది కదా, ఇందులో స్త్రీవాదానికేం పని అని అడిగే పెద్దమనుషులుంటారు. 2015లో హెచ్4 వాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి రెండు మూడేళ్ళలో ఆ అనుమతి పొందినవాళ్ళలో పదింట తొమ్మిదికి పైగా ఆడవాళ్ళే, దాదాపు అంతమందీ భారతదేశంలో పుట్టినవాళ్ళే. లింగభేదం లేదని చెప్పుకునే చట్టం ఎవరి నెత్తిన పడుతోందో ఇంతకన్నా వివరించక్కర్లేదు.

మన తెలుగువాళ్ళలో గ్రీన్ కార్డు గురించి జరిగే చర్చ అంతా 'బ్యాక్‌లాగ్' చుట్టూ తిరుగుతుంది. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ వాటిలో 7 శాతం మించి ఇవ్వకూడదని నియమం. భారతదేశానికీ ఐస్‌లాండ్‌కీ ఒకటే పరిమితి. 2025 చివర్లో వీసా బులెటిన్ చూస్తే, ఈబీ2 తరగతిలో భారతదేశానికి ఇచ్చిన తేదీ ఇంకా 2013లోనే ఉంది. అంటే పుష్కర కాలం కిందట దరఖాస్తు పడినవాళ్ళకి అప్పుడు వంతు వస్తోందన్నమాట. ఇది అన్యాయమే, కాదనను. కానీ ఈ అన్యాయాన్ని మనవాళ్ళు చెప్పే తీరు చూడండి. తెలివైన ఇంజనీరు, పన్నులు కట్టే ఇంజనీరు, ఒక్క ట్రాఫిక్ టికెట్ కూడా లేని ఇంజనీరు పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు! కథలో హీరో అతనే, బాధితుడూ అతనే. పక్కన నిలబడి అన్నేళ్ళూ ఎదురుచూసిన మనిషి ఆ కథలో 'ఫ్యామిలీ' అనే మాటలో కలిసిపోతుంది. ఆ 1,40,000లో ఆమెకీ పిల్లలకీ ఇచ్చే కార్డులు కూడా కలిసే ఉంటాయన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంటుంది, అదీ 'వీళ్ళ వల్లే వరస నెమ్మదిస్తోంది' అని విసుక్కోవడానికి.

ఆ వరసలో ఆమెకి చోటు లేదు. ఈ విషయం గురించి మనం తగినంత గట్టిగా మాట్లాడలేదు. ప్రయారిటీ డేట్ అని ఒకటుంటుంది. వరసలో ఎవరు ఎప్పుడు చేరారో చెప్పే తేదీ. అది అతని పేరు మీద ఉంటుంది. అతను ఉద్యోగం మారినా, కంపెనీ మారినా, ఒకసారి పిటిషన్ ఆమోదం పొందాక సాధారణంగా ఆ తేదీ అతని వెంటే వెళుతుంది. ఆమెకి అలాంటి తేదీ ఉండదు. పన్నెండేళ్ళు కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని కని, ఆ దేశంలోనే నలభయ్యో పడిలో పడి, గ్రీన్ కార్డు చేతికి రావడానికి నెల ముందు విడాకులు అయితే ఆమె పన్నెండేళ్ళ నిరీక్షణ విలువ సున్నా. అతని తేదీ అతనికుంటుంది. రేపు ఇంకో పెళ్ళి చేసుకుంటే, కార్డు రాకముందే చేసుకుంటే, ఆ కొత్త భార్య అదే తేదీతో వరసలో ముందుకొచ్చి నిలబడుతుంది. ఆస్తి పంపకంలో ఇల్లు సగం అడగొచ్చు, కారు అడగొచ్చు, 401కె ఖాతాలో వాటా కూడా అడగొచ్చు. ఆ కాపురంలో ఇద్దరూ కలిసి సంపాదించిన అన్నిటికన్నా విలువైన వస్తువు ఈ తేదీ. దాన్ని పంచే అధికారం ఏ కుటుంబ న్యాయస్థానానికీ లేదు.

నాకు తెలిసిన ఒకామె ఇక్కడ డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేది. అక్కడికి వెళ్ళాక తొమ్మిదేళ్ళపాటు ప్రతి ఫారంలోనూ ఉద్యోగం అన్నచోట 'హోమ్‌మేకర్' అని భర్త పూరించేవాడట, ఆమె సంతకం పెట్టేది. "సంతకం పెట్టేటప్పుడల్లా ఒక్కో పీజీ సర్టిఫికెట్ చింపినట్టుండేది అక్కా" అంది నాతో.

ఈ ఆలోచన అమెరికాకి కొత్తది కాదు. భార్య పౌరసత్వం భర్త పౌరసత్వానికి తోక అన్నది అక్కడ పాత సూత్రం. 1855 చట్టం ప్రకారం అమెరికన్‌ని పెళ్ళాడిన విదేశీ స్త్రీ పెళ్ళితోనే పౌరురాలైపోయేది. 1907లో దాన్ని తిరగేశారు. విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని పోగొట్టుకునేది. ఓటు హక్కు సాధించుకున్న స్త్రీలు పోరాడితే 1922లో కేబుల్ చట్టం వచ్చి కొంత సరిచేసింది. కొంతే! పౌరసత్వానికి అర్హత లేని జాతుల మగవాణ్ణి, అంటే ఆసియా వాణ్ణి పెళ్ళాడితే పాత శిక్షే. 1931 దాకా అంతే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు శ్వేతజాతీయులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు గురించి మన చరిత్రకారులు చాలానే రాశారు. దాని వెనకాలే బెంగాలీ జాతీయవాది తారకనాథ్ దాస్‌ని పెళ్ళాడిన మేరీ దాస్ తన సొంత దేశంలోనే పౌరసత్వం లేనిదైంది. ఆమె 1926లో 'ది నేషన్' పత్రికలో దేశం లేని స్త్రీ గురించి, అంటే తన గురించే, వ్యాసం రాసింది. థింద్ పేరు మన పాఠాల్లో ఉంది, మేరీ పేరు ఎక్కడుంది?

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ళకి 2017 ఫిబ్రవరి 22 గుర్తుచేస్తాను. కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో మన హైదరాబాదు కుర్రాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపాడు. భార్య సునయన అక్కడ ఉద్యోగం చేస్తున్న మనిషి, ఆ ఊళ్ళో ఇల్లు కట్టుకున్న మనిషి. భర్త చనిపోవడంతోనే ఆమె హోదా కూడా పోయింది. అంత్యక్రియలకి ఇక్కడికి వచ్చిన ఆమె తన ఇంటికి తాను తిరిగి వెళ్ళడానికి ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకోవాల్సి వచ్చింది. వెళ్ళాక ఆమె మాట్లాడింది, సంస్థ పెట్టింది, నిలబడింది. దేశమంతా చూస్తున్న వితంతువు కాబట్టి ఒక తలుపు తెరిచారు. ఎవరూ చూడని వితంతువుకి? 2009లో వచ్చిన ఒక సవరణ భర్త చనిపోయిన కొందరికి కొంత రక్షణ ఇచ్చిన మాట నిజమే. విడాకులు తీసుకున్నవాళ్ళకి అది వర్తించదు. అంటే చచ్చిపోయిన భర్త పేరు మీద ఆమె వరసలో ఉండొచ్చు, బతికున్న భర్తని వద్దనుకుంటే మాత్రం ఉండకూడదు. సతీధర్మం మన ధర్మశాస్త్రాల్లోనే ఉందనుకుంటాం, అక్కడి నిబంధనల్లో కూడా ఇంత శుద్ధంగా దొరుకుతోంది.

హింస సంగతికొస్తే ఇంకా ఘోరం. దెబ్బలు తింటున్న భార్య భర్తతో పనిలేకుండా సొంతంగా పిటిషన్ పెట్టుకోవచ్చని 1994 చట్టం చెప్పింది. భర్త పౌరుడైనా గ్రీన్ కార్డు ఉన్నవాడైనా అయితేనే. హెచ్1బి వాడు కొడితే ఆ చట్టం కింద అవి దెబ్బలు కావు. 2006లో హెచ్4 బాధితులకి కనీసం పని అనుమతి ఇవ్వాలని చట్టంలో చేర్చారు. దరఖాస్తు పెట్టుకునే ఫారం తయారవడానికి 2017 దాకా పట్టింది. నేరబాధితులకిచ్చే యు వీసాలు ఏడాదికి పదివేలే, దాని వరస మళ్ళీ ఏళ్ళకేళ్ళు. న్యూజెర్సీలో 1985లో దక్షిణాసియా స్త్రీలే పెట్టుకున్న 'మానవి' లాంటి సంస్థలు ఎందుకు పుట్టాయో ఇక అడగక్కర్లేదు. "పోలీసులకి ఫోన్ చేస్తే నా వీసా పోతుంది, నాది పోతే నీదీ పోతుంది" అన్న ఒక్క వాక్యం చాలు, ఇంటికి తాళం వేయనక్కర్లేదు.

2015లో వచ్చిన పని అనుమతి గురించి చాలామంది గొప్పగా చెబుతారు. అదీ అందరికీ కాదు. భర్త గ్రీన్ కార్డు పిటిషన్ ఒక దశ దాటితేనో, ఆరేళ్ళ పరిమితి దాటి అతనికి పొడిగింపు దొరికితేనో. అతని కంపెనీ ఆ పని మొదలుపెట్టేదాకా ఆమె చదువు అటక మీదే. అదే కంపెనీ తన విదేశీ శాఖ నుంచి ఎల్1 మీద తెచ్చుకున్నవాడి భార్యకి 2002 నుంచే చట్టప్రకారం పనిచేసే హక్కు ఉంది! ఒకే అపార్టుమెంటులో పక్కపక్క ఇళ్ళలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఈ తేడాకి భర్తల వీసా అక్షరం తప్ప ఇంకో కారణం లేదు. మొదటి ట్రంప్ ప్రభుత్వం హెచ్4 అనుమతిని రద్దు చేస్తానని నాలుగేళ్ళు బెదిరించింది. కోర్టులో కేసు పదేళ్ళు నడిచి 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విననననడంతో ముగిసింది. అదే నెలాఖరులో, అనుమతి గడువు తీరినా కొత్తది వచ్చేదాకా పనిచేసుకోనిచ్చే వెసులుబాటుని తీసేశారు. ఆమె జీతంతో కడుతున్న ఇంటి వాయిదా ఆగదు, ఉద్యోగం ఆగుతుంది.

చట్టం ఆమెని మనిషిగా గుర్తించే చోటు కూడా ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. దేశపు కోటా పుట్టినచోటుని బట్టి కదా. భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే భర్త ఆమె పుట్టిన దేశపు వరసలోకి మారొచ్చు. గల్ఫ్‌కి వెళ్ళిన కుటుంబాల్లో ఏ కువైట్‌లోనో ఏ మస్కట్‌లోనో పుట్టిన తెలుగమ్మాయి అతన్ని పన్నెండేళ్ళ నుంచి రెండేళ్ళకి దించేయగలదు. ఆమె చదువు లెక్కలోకి రాదు, అనుభవం రాదు, ఆమెని కన్న ఆసుపత్రి ఉన్న ఊరు వస్తుంది. కట్నం బేరంలో ఇది కూడా ఒక అంశం కాదని ఎవరైనా నాతో పందెం వేస్తారా?

ఇక నా స్త్రీవాద మిత్రుల అభ్యంతరం. ఇవి పై కులాల, సాఫ్ట్‌వేర్ కుటుంబాల కష్టాలనీ, కూలి బతుకులు బతికే స్త్రీల మధ్య వీటికి చోటెందుకనీ అంటారు. సగం ఒప్పుకుంటాను. ఆ విమానాలెక్కినవాళ్ళ కులం, భూమి గురించి రాయకుండా ప్రవాసం గురించి రాయడం మోసమే. కానీ డబ్బున్న ఇంట్లో పరాధీనత పరాధీనత కాకుండా పోతుందని ఏ స్త్రీవాదం చెప్పింది? పల్లవి బెనర్జీ 2022లో అచ్చయిన పుస్తకంలో టెక్ ఉద్యోగుల ఇళ్ళనీ, భార్య నర్సుగా వెళ్ళిన ఇళ్ళనీ పక్కపక్కన పెట్టి చూసింది. నర్సుల భర్తలు డిపెండెంట్లయ్యారు. అప్పుడు దాన్ని అందరూ మగతనానికి తగిలిన గాయంగా గుర్తించారు. షీబా జార్జ్ 2005లో కేరళ నర్సుల గురించి రాసిన పుస్తకంలో, ఇంట్లో పోయిన పెద్దరికాన్ని ఆ మగవాళ్ళు చర్చిలో వెతుక్కోవడం చూస్తాం. మగవాడు ఆధారపడితే సంక్షోభం, ఆడది ఆధారపడితే సంసారం.

2025 జనవరి 20న వచ్చిన ట్రంప్ ఉత్తర్వు ఈ లెక్కని గర్భంలోకి తీసుకెళ్ళింది. ప్రసవానికి తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే బిడ్డకి పుట్టుకతో పౌరసత్వం లేదంది. కోర్టులు వెంటనే అడ్డుకున్నాయి. ఆలోగా, ఫిబ్రవరి 20 లోపల ఆపరేషన్ చేసి బిడ్డని తియ్యమని భారతీయ దంపతులు డాక్టర్లని అడుగుతున్నారని పత్రికల్లో వచ్చింది. నెలలు నిండని బిడ్డకి ఊపిరితిత్తులు, తల్లికి కడుపు కోత. ఆ వార్తకింద మన ఇళ్ళల్లో జరిగిన మాటలు విన్నాను. "వాళ్ళకి ఎంత ఆశ!" అన్నారు. ఆ తల్లిని ఎవరు అడిగారు అన్నవాళ్ళు లేరు.

మన దేశం చేతులు శుభ్రమని కూడా అనుకోవద్దు. విదేశంలో పుట్టిన బిడ్డకి తల్లి ద్వారా భారత పౌరసత్వం రావడానికి 1992 దాకా ఆగాల్సొచ్చింది, అంతవరకూ తండ్రి ద్వారానే. భారతీయుణ్ణి పెళ్ళాడి ఓసీఐ కార్డు పొందిన విదేశీ స్త్రీకి విడాకులైతే ఆ కార్డు రద్దు చేయొచ్చని మన పౌరసత్వ చట్టంలోనూ ఉంది.

2019 జూలైలో దేశాల కోటా ఎత్తేసే బిల్లు అమెరికా ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది, చివరికి చట్టం కాలేదు. నెగ్గినరోజు మనవాళ్ళు పండగ చేసుకున్నారు. ఆ బిల్లులో విడాకులైన భార్య తేదీ గురించి ఒక్క వాక్యం లేదు. అలాంటి బిల్లు ఈసారి వచ్చినప్పుడు, మన సంఘాలు సంతకాలకి వచ్చినప్పుడు, ఆ వాక్యం చేర్చేదాకా సంతకం పెట్టనని చెప్పే ఆడవాళ్ళు కావాలి. తేదీ ఇద్దరిదీ అని రాయించాలి. భర్త వీసా అక్షరంతో పనిలేకుండా పనిచేసే హక్కు అని రాయించాలి. "ముందు కార్డులు రానీండమ్మా, మీ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. ఎంతకాలం తర్వాత అని తేదీ అడగండి.