నల్లమలలో అడుగిడాలంటే.. అనుమతితోపాటు బాధ్యతా అవసరమే

గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని మిరప, పత్తి చేలు దాటి పడమరకు సాగితే నల్లమల ఎదురవుతుంది. 1983లో పులుల సంరక్షణ పథకం పరిధిలోకి వచ్చిన ఈ అడవికి ఇష్టకామేశ్వరి భక్తులు, సాహస యాత్రికులు బృందాలుగా తరలివస్తుంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం అభయారణ్యంలో ప్రవేశించాలంటే బయటివారికి అనుమతి తప్పనిసరి. పులుల ఆవాసానికి కీలకమైన ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకం తగదని 2012లో వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు నిర్దేశించాయి.

ఈ సమస్య నల్లమలకే పరిమితం కాదు. జీపీఎస్ సాయంతో, దాచిన పెట్టెలను వెదికే ‘జియోక్యాషింగ్’ క్రీడ 2000లో అమెరికాలో పుట్టింది. అక్కడి జాతీయ ఉద్యానాల్లోనూ అనుమతి లేనిదే పెట్టె దాచరాదు. అడవిపై మక్కువ గల ఆ క్రీడాకారులు బృందాలుగా కూడి దారుల వెంట చెత్త ఏరే ఆనవాయితీని నెలకొల్పుకున్నారు.

నల్లమల యాత్రికులకూ ఇదే ఆదర్శం కావాలి. పారవేసిన ప్లాస్టిక్ సంచి జింక కడుపులో చేరుతుంది. ఆర్పని పొయ్యి వేసవిలో కార్చిచ్చు రగిలిస్తుంది. కొందరి నిర్లక్ష్యం వల్ల దారి మూతపడితే నష్టపోయేది నియమం తప్పని భక్తులు, యాత్రికులకు దారిచూపి ఉపాధి పొందే చెంచులే.