భూకంపము – బీమావారి పరీక్ష

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు ప్రాంతమున పుట్టిన భూకంపము కరీంనగరము, ఆదిలాబాదు ప్రజలను ఇండ్లనుండి వీధులలోనికి వెడలించెను. దాని పరిమాణము 5.3. 2025 మే 5వ తేదీ సాయంకాలము 3.8 పరిమాణముగల మరియొక కంపము ఈ ప్రాంతమును తాకెను. ప్రాణనష్టము లేకపోవుటచే పట్టణవాసులు త్వరలోనే మరచిరి. గోదావరీ లోయలో భూమి కంపించుట నూతనము గాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము చెంత 5.7 పరిమాణముగల కంపము సంభవించెను. 1993 సెప్టెంబరు 30న వేలాది ప్రజలను పొట్టనబెట్టుకొన్న లాతూరు భూకంపము, నాటి పటములో మిక్కిలి తక్కువ అపాయము గలదని గుర్తింపబడిన మండలముననే వచ్చెను. పటమును నమ్మి నిద్రించుట తగదు.

మేము ముఖ్యముగ విచారించుచున్నది బజారులలోని పెద్ద వ్యాపార భవనములను గూర్చి. క్రింద మల్గీలు, పైన వస్త్రముల దుకాణములు, ఆపైన ఆసుపత్రులు, ఇట్టి మేడలు మన పట్టణములలో నానాటికి పెరుగుచున్నవి. క్రింది అంతస్తున గోడలు తగ్గించి సన్నని స్తంభములపై బరువంతయు మోపుట వీని స్వభావము. 2001 జనవరి 26న కచ్ఛిదేశమున భూమి కంపింపగా, దూరమందున్న అహమ్మదాబాదులో కూలిన మేడలలో ఇట్టివి పెక్కు.

భూకంపానంతరము యజమాని పరిహారము కోరినయెడల బీమా కంపెనీ లైసెన్సుగల సర్వేయరును పంపును. పెద్ద మేడ యైనచో నిర్మాణశాస్త్ర మెరిగిన ఇంజనీరును సలహాదారుగ నియమించుటయు కలదు. ఈతడు మొట్టమొదట తేల్చవలసినది పగులు ఎప్పటిదను ప్రశ్న. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనును. దానిపై చాలినంత లోతులేని పునాదులతో లేచిన గోడలు భూకంపము లేకయే నెఱ్ఱెలు విచ్చును. బొగ్గుగనుల పరిసరములందు ప్రేలుళ్ల అదురును కలదు. పాత నెఱ్ఱెలో దుమ్ము, సున్నము, పలుమారు పూసిన రంగు కనబడును. క్రొత్తదాని అంచులు పదునుగ, శుభ్రముగ నుండును. కిటికీల నడుమ ఏటవాలుగ నొకదాని నొకటి ఖండించు పగుళ్లు పార్శ్వపు ఊపునకు సాక్ష్యము. ఇవి యెరిగిన తాపీమేస్త్రీలు మనలో కొదువలేరు. వారి మాటకు దస్తావేజు విలువ లేకపోవుటయే చిక్కు.

అసలు వివాద మాపై వచ్చును. బీమా ఒడంబడిక కట్టడమును పూర్వస్థితికి తెచ్చుటకే ధనమిచ్చును గాని పూర్వముకంటె మేలు చేయుటకు గాదు. న్యాయమే. కాని పూర్వస్థితియే దుర్బలమైనచో నేమి? పగుళ్లలో ఎపాక్సీ నింపి, గార మెత్తి, రంగు వేసినచో లెక్క సరిపోవును. మల్గీల నడుమ స్తంభము మాత్రము సన్ననిదిగనే నిలుచును. న్యూజిలాండులోని క్రైస్టుచర్చి నగరమున 2010 సెప్టెంబరు 4 నాటి భూకంపము తరువాత సి.టి.వి. భవనమును పరీక్షించి వాడుకకు విడిచిరి. 2011 ఫిబ్రవరి 22న అది కూలి 115 మంది మరణించిరి. దాని రూపకల్పనయందే లోపము లున్నట్లు విచారణ సంఘము పిమ్మట తేల్చెను.

కావున ఇంజనీరు పగుళ్లు కొలిచి వెల కట్టుటతో తన పని ముగిసినదని తలంపరాదు. జీత మెవరిచ్చినను, ఆ మేడలో ప్రొద్దుగూకులు పనిచేయు గుమాస్తాల ప్రాణములు అతని సంతకముపై నాధారపడియున్నవి. నివేదికలో రెండు లెక్కలు వేరువేరుగ నుండవలెను: పూర్వస్థితికి తెచ్చు వ్యయ మొకటి, స్తంభములకు కాంక్రీటు తొడుగు వేసి బలపరచు వ్యయ మొకటి. మొదటిది కంపెనీ భరించును. రెండవది యజమాని భరించునుగాక. పరంజా ఒకమారే కట్టబడును గావున రెండు పనులును కలిపి చేయించుకొనుట యజమానికే లాభము.

యజమానులును నిర్దోషులు గారు. కోటి రూపాయల మేడను ఏబది లక్షలకే బీమా చేసినచో, పది లక్షల నష్టమునకు సుమారు ఐదు లక్షలే చేతికి వచ్చును. తక్కువ విలువ చూపినవారికి ఆ నిష్పత్తిలోనే పరిహారమిచ్చుట నిబంధన. 2021 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన చిన్న వ్యాపారముల పాలసీలలో, ఒకచోట ఆస్తి విలువ 50 కోట్లకు మించనిచో, భూకంప రక్షణ చేరియున్నది. అంతకు మించినవారు అగ్ని పాలసీతోనే తృప్తిపడక, భూకంప రక్షణ వేరుగ కొనవలసియున్నదో లేదో పాలసీని తెరచి చూచుకొనవలెను.

ఇంజనీరు నివేదిక ప్రతి యొకటి పురపాలక సంఘమునకును అందునట్లు ప్రభుత్వము నియమము చేయవలెనని కోరుచున్నాము. యజమానులు నేడే తమ మేడల స్తంభములకును గోడలకును తేదీతో ఛాయాచిత్రములు తీయించి, నిర్మాణపు పటములతో గూడ మరియొకచోట భద్రపరచుకొందురుగాక.