పిల్లి యెక్కు మ్రాను

సోఫా గుడ్డను గీరినదనియు, పరుపు చించినదనియు పెంపుడు పిల్లిని వీధిపాలు చేయు గృహములు కలవు. పరదేశములలో గోళ్లు తీయించు దురాచారము కూడ కలదు. అది గోరు తీయుట కాదు, ప్రతి వ్రేలి కొనయెముకను కోసివేయుట. న్యూయార్కు రాష్ట్రము దీనిని 2019లో నిషేధించినది.

గీరుట పిల్లికి దుర్గుణము కాదు, అవసరము. అందుచే పాత గోటిపొర యూడును, వెన్నును ముంగాళ్లును సాగును, అరకాళ్లలోని గ్రంథులనుండి దాని వాసన ఆ తావున కంటును. ఈ చోటు నాదని అది చేయు సంతకమే యిది. మాన్పింప యత్నించుటకంటె వేఱొక చోటు చూపుట మేలు.

అంగళ్లలో దొరకు కంబములు పెక్కులు పొట్టివి, పైగా ఊగులాడును. ఒకమాఱు ఊగెనా, పిల్లి మరల దాని చెంతకు బోదు. కావున ఇంట చేసికొనుటయే నాకు సమ్మతము.

నాలుగంగుళముల వ్యాసమును మూడడుగుల పొడవును గల గుండ్రని కంబము తీసికొనుడు. వెనుకకాళ్లపై నిలిచి ఒడలంతయు చాచుటకు ఆ పొడవు కావలయును. రెండడుగుల చదరముగల మందపు పలకను అడుగున నుంచి, క్రిందినుండి నాలుగు మరమేకులతో బిగింపుడు. శిఖరమున పడుకొనుటకు అడుగుంబావు పలక నమర్పుడు. ఇంతకంటె ఎత్తుగా చేయువారు పై కొనను ఇనుప పట్టీతో గోడకు తప్పక బిగింపవలయును. నాలుగు కిలోల పిల్లి దూకినపుడు పడు త్రోపు నాలుగు కిలోలు కాదు!

చుట్టుటకు కిత్తనార త్రాడు శ్రేష్ఠము. నైలాను త్రాడుపై గోరు జాఱును. అంగుళములో మూడెనిమిదవ వంతు లావుగల త్రాడు ముప్పది యంగుళముల మేర చుట్టుటకు సుమారు 92 అడుగులు పట్టును, నూఱడుగులు తెచ్చుకొనుడు. వరుసకు వరుస ఆనునట్లు బిగించి చుట్టి, కొనలను జిగురుతో అంటింపుడు. పైకి పొడుచుకొనివచ్చు మేకు ఒక్కటియు నుండరాదు.

దీనిని అటకమూలను పెట్టినచో శ్రమ వ్యర్థము. గీరబడిన సోఫా ప్రక్కననే నిలిపి, అలవాటైన పిదప దినమున కొకింత జరుపుడు. పిల్లి కాళ్లు పట్టి గీరింపకుడు, అది బెదరును. మేడలపై కాపురముండువారు వలలేని వరండా పిట్టగోడ దగ్గఱ దీని నుంచరాదు. పిట్టను చూచి ఉఱుకు పిల్లి క్రింద నేమున్నదో చూడదు.

కొన్ని నెలలకు త్రాడు పీచులు లేచి వికారముగా కనబడును. చుట్టములు వత్తురని తొందరపడి మార్పకుడు. ఆ పీచే, ఆ వాసనయే దానికి ప్రియము. గోరు చిక్కుకొనునంతగా వదులైనచో, ఆ మేరకు మాత్రము క్రొత్త త్రాడు చుట్టుడు.