దుప్పటా? తువాలా?

క్రైస్తవ సంఘాలలో నాయకత్వం చేతులు మారే రోజున ఒక వస్తువు కూడా చేతులు మారుతుంది. కొన్నిచోట్ల అది కాపరి కర్ర, కొన్నిచోట్ల బైబిలు, చాలాచోట్ల శాలువా. పళ్లెము, తువాలు ఇచ్చే ఆచారం కూడా ఉన్నది. వస్తువే కదా, ఏదైతేనేమి అనుకోవచ్చు. కాని నాకు అలా తోచదు. ఇచ్చిన వస్తువు ఇచ్చినవాని మనసును బయటపెడుతుంది.

శాలువాకు మూలం ఏలీయా కథ. తెలుగు బైబిలు దానిని 'దుప్పటి' అన్నది (చిన్నతనంలో ఆ మాట చదివి పక్కమీద పరచుకునేదే అనుకోనివారు అరుదు!). ఆ కథలో మనం మరచిపోయే సంగతి ఒకటున్నది. ఏలీయా చివరకు దుప్పటిని ఎలీషా చేతికి ఇవ్వలేదు. ఆయన వెళ్లిపోగా అది క్రింద పడింది, ఎలీషా వంగి తీసుకున్నాడు. మన సభలలోనో, శాలువా కప్పినవారు ఆ తరువాత కూడా ముందువరుసలోనే కూర్చుంటారు.

ఈ విషయం ఆలోచించినప్పుడల్లా నాకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు గుర్తుకు వస్తాయి. 2016లో జిల్లా కేంద్రాలు కాకముందు ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలు. అంతకుముందు నైజాం రాజ్యంలోనివి. గద్వాల, వనపర్తి సంస్థానాలు. అమెరికా మెనొనైట్ బ్రదరెన్ మిషను తొలి మిషనరీలు 1899లో హైదరాబాదు చేరారు. ఆ తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి ఆ మిషను కేంద్రాలయ్యాయి. గద్వాల వచ్చిన దారి వేరు. అది మొదట అమెరికన్ బాప్టిస్టులది. 1937లో మహబూబ్‌నగరుతో పాటు అదీ మెనొనైట్ బ్రదరెన్ వారికి దఖలు పడింది. ఒక మిషను మరొక మిషనుకు పొలిమేర అప్పగించినట్లు అప్పగించింది.

భారత మెనొనైట్ బ్రదరెన్ సంఘానికి పాలక మండలి ఏర్పడింది 1958లో. అంటే తొలి మిషనరీలు వచ్చిన 59 ఏళ్లకు. మరి అంతవరకూ ఊరూరా తిరిగి బోధించినదెవరు? తెలుగు సువార్తికులు, బైబిలు స్త్రీలు, బడిపంతుళ్లు. 1920లో నాగర్‌కర్నూలులో మొదలై పిదప శంషాబాదుకు మారిన బైబిలు పాఠశాల తయారుచేసినది ఇటువంటివారినే. పని ఎప్పుడో వారి చేతులలోనే ఉన్నది. ఆలస్యంగా వచ్చినవి తాళపుచెవులు, దస్తావేజులు, సంతకం చేసే హక్కు. కనుక 'అప్పగింత' అన్నమాటే నాకు కొంచెం ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

శంషాబాదులో 1932లో పుట్టి, తరువాత మహబూబ్‌నగరులో మిషనరీగా పనిచేసిన పాల్ హీబర్ట్ ఇక్కడ జ్ఞాపకం వస్తారు. స్వయం పాలన, స్వయం పోషణ, స్వయం వ్యాప్తి ఉంటే సంఘం తన కాళ్లమీద నిలిచినట్లేనని మిషన్ల వారు చాలాకాలం చెప్పుకున్నారు. వాటికి నాలుగవదానిని జోడించినవాడు ఈయన. తన విశ్వాసాన్ని తానే ఆలోచించుకుని చెప్పుకునే హక్కు సంఘానికి ఉండాలన్నాడు. ఆ హక్కును ఏ శాలువాతో కప్పి ఇవ్వగలం?

మరి తువాలు మేలా? మెనొనైట్లకు పాదప్రక్షాళన కొత్త కాదు. 1632 నాటి డోర్‌డ్రెక్ట్ విశ్వాస ప్రకటనలో దానికి ప్రత్యేకంగా ఒక అధికరణమే ఉన్నది. అయితే పాలమూరులో తువాలుకు మరొక చరిత్ర ఉన్నది. దొర ఎదుటపడితే భుజంమీది గుడ్డ తీసి నడుముకు చుట్టుకోవలసినవారు, చెప్పులు చేతపట్టుకోవలసినవారు ఈ సంఘాలలో చేరిన మాల, మాదిగలే. యోహాను సువార్తలో ప్రభువు చేసినది సరిగ్గా అదే! పైవస్త్రం తీసి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. ఆ దృశ్యాన్ని గద్వాల సంస్థానపు పల్లెలో నిలబెట్టి చూడండి. విన్నవారికి ఒళ్లు జలదరించి ఉండాలి.

అందుకే తువాలును చట్రంలో బిగించి, కొత్తగా వచ్చినవానికి బహూకరిస్తే నాకు నచ్చదు. తాతల కాలం నుండి నడుముకు గుడ్డ కట్టుకున్నవానికి, నీవింకా కట్టుకో అని చెప్పినట్లుంటుంది. సువార్తలో తువాలు కట్టుకున్నది అధికారం ఉన్నవాడు. ఆయన దానిని ఎవరికీ ఇవ్వలేదు, తానే కట్టుకున్నాడు. మన సభలోనూ దిగిపోయేవారే దానిని కట్టుకోవాలి. వచ్చేవారి కాళ్లు కడగాలి. కడిగినాక తడిసిన ఆ తువాలును, దానితో పాటు బీరువా తాళాలను, లెక్కల పుస్తకాన్ని అక్కడే బల్లమీద పెట్టాలి.

ఇది ఆచరణకు కుదరదని అనేవారున్నారు. పెద్దవారిచేత కాళ్లు కడిగించుకోవడానికి మనవాళ్లు ఒప్పుకోరట. నిజమే, పేతురు కూడా మొదట ఒప్పుకోలేదు. గౌరవంగా గద్వాల పట్టు శాలువా కప్పుదామంటారు. గద్వాల నేతగాళ్లమీద నాకు ఎంతో అభిమానం. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే ఆ పని సామాన్యమైనది కాదు. వారివద్ద కొనదలిస్తే జరీ లేని నూలు తువాలు ఒకటి నేయించండి, చాలు. కాళ్లు తుడిచేది కావాలి, పట్టు శాలువా అందుకు కాదు.