పరదేశపు పండుగనాఁడు

సముద్రము దాఁటి కాఁపురమున్న కొడుకులను, కూఁతులను జూచి వచ్చుటకై పోవు తల్లులును, అత్తలును నేఁడు మన యిండ్లలో నరుదు గారు. పోవునప్పుడు ఊరగాయలను గుఱించియు, ఉన్నిబట్టలను గుఱించియు పదిమంది పదివిధములఁ జెప్పుదురు. మన మక్కడ నున్న దినములలో నా దేశమువారి పండుగ వచ్చినచో నేమి చేయవలయునో చెప్పువారు మాత్రము లేరు. తలుపు మూసికొని యింటఁ గూర్చుండుటయా? వీథి ప్రక్క నిలిచి వేడుక చూచుటయా? లేక వారితోఁ గలసి జెండా పట్టుటయా? దేవుని పండుగయైనచో మన కేదో యొక తెరువు తోఁచును. దేశపు పండుగ యన్నచోటనే చిక్కు. మనకు మన జెండా కలదు, మన గీతము కలదు. ఒరుల జెండా చేతఁ బట్టినచో మనదానిని తక్కువ చేసినట్లగునా యను శంక పెద్దవారికిఁ గలుగుట సహజమే.

మా చెల్లెలి కాఁపురము నార్వే దేశమునందలి ఓస్లో నగరమున. మా వారి బడికి వేసవి సెలవు లిచ్చినతోడనే మేము బయలుదేఱి పోయితిమి. మే నెల 17వ తేది ఆ దేశమునకు మహాపర్వమని యచ్చటికిఁ బోయిన పిమ్మటనే తెలిసినది.

దాని కథ వినఁదగినది. నాలుగువందల యేండ్లకుఁ బైగా డెన్మార్కు రాజుల క్రింద నున్న నార్వేను, 1814వ సంవత్సరమున, యుద్ధములలో గెలిచినవారు స్వీడను రాజునకు ధారపోయ నిశ్చయించిరి. అంతట 112 మంది ప్రతినిధులు ఐడ్స్‌వోల్ అను చోట నొక పెద్ద లోఁగిట గూడి, ఆఱు వారములు తిరుగకుండఁ దమ రాజ్యాంగమును దామే వ్రాసికొనిరి. దానిపై వ్రాలు చేసిన దినమే యీ పండుగ. స్వీడనుతోడి బంధము తప్పలేదు. అది 1905 వఱకు నిలిచినది. రాజ్యాంగము మాత్రము చెడలేదు. ఈ దినమును ప్రజలు కొనియాడుట స్వీడను రాజునకుఁ గిట్టెడిది కాదు. 1829లో రాజధాని చౌకమున గుమిగూడినవారిపైకి గుఱ్ఱపుదళమును పంపిరి. 1940 మొదలు 1945 వఱకు జర్మనులు దేశము నాక్రమించియున్న కాలమున నీ పండుగ నిషిద్ధము. 1945 మే 8న విడుదల కలిగినది, తొమ్మిదవ దినముననే యీ తేది వచ్చినది. ఆ యేఁటి పండుగ యెట్టిదో వేఱ చెప్పవలయునా?

ఆ 112 మందిలో నొక్క స్త్రీయు లేదు. అంతేకాదు, యూదులు దేశమున నడుగు పెట్టరాదని గూడ వారు వ్రాసిరి. వెర్గెలాన్ అను కవి దీనిపైఁ బోరాడి పోరాడి 1845లో మరణించెను. 1851లోఁగాని యా మాట తీసివేయఁబడలేదు. నేఁటికిని ఈ పండుగనాఁడు ఓస్లోలోని యూదులు ఆ కవి సమాధిపై పుష్పచక్ర ముంచుదురు. పరులను వెలివేసిన దినమే, ఆ పరులు వచ్చి పూలుంచు దినమైనది.

ఇఁక ఊరేగింపు. మన ఢిల్లీలో జనవరి 26న నడచునట్టి సేనలు, యుద్ధశకటములు ఇచ్చట నుండునని మేము తలఁచితిమి. అవి యేవియు లేవు. బడిపిల్లలు! ఒక బడి వెనుక నొక బడి, నూఱు బడుల వఱకు, తమతమ పతాకములతోను వాద్యములతోను, కార్ల్ యోహాన్ వీథి వెంట రాజగృహము ముందుగా నడతురు. రాజకుటుంబము మేడపై నిలిచి గంటల కొలఁది చేయి యూపుచునే యుండవలయును. మహారాజుల కంతకన్న కష్టమైన పని యుండదని మా వారు నవ్విరి.

ఈ పిల్లల ఊరేగింపు రాజధానిలో 1870లో మొదలైనది. దానికిఁ బూనుకొన్నవారిలో బ్యోర్న్‌సన్ అను కవి యొకఁడు. ఆ దేశపు గీతమును వ్రాసినవాఁ డతఁడే. 1903లో నోబెలు బహుమానము నందెను. మన రవీంద్రునకు 1913లో వచ్చిన దదియే గదా. మొదట మగపిల్లలే నడచెడివారు. ఆఁడుపిల్లలను 1889లోఁ జేర్చుకొనిరి. 1913లో స్త్రీల కందఱకును వోటు వచ్చినది. ముందు వీథిలో నడచి, ఇరువదినాలుగేండ్లకు వోటు వేసిరన్నమాట. ఆ వరుస మాకు నచ్చినది.

ఆ దేశపు స్త్రీలు ఆనాఁడు ధరించు దుస్తులను గుఱించి చెప్పక మానలేము. బూనాద్ అందురు. ఉన్నిపావడ, దానిపై కుట్టుపని, తెల్లని చొక్కా, ఱొమ్మున వ్రేలాడు వెండిబిళ్లలు గల పిన్ను. 1903 ప్రాంతమున హుల్దా గార్బోర్గ్ అను రచయిత్రి దీనిని గుఱించి పుస్తకము వ్రాసి ప్రచారము చేసినది. ఏ సీమవారిది యా సీమ బూనాదే. చూచినతోడనే యీమె పుట్టినింటి సీమ యేదో యెఱిఁగినవారు చెప్పఁగలరు. పదునైదేండ్ల ప్రాయమునఁ బెద్దలు కుట్టించి యిత్తురు. ఒడలు పెరిగినచో విప్పి మరలఁ గుట్టుదురు. తల్లిది కూఁతునకు వచ్చును. మన యిండ్లలోని పెండ్లి పట్టుచీరవలెనే.

మా చెల్లెలి కూఁతు రేడేండ్లది, అచ్చటనే పుట్టినది. ఆ యేఁడు బడితోఁ గూడ నడువవలసియున్నది. దానికొక బూనాద్ బాడుగకుఁ దెత్తమని మా చెల్లెలు తలఁచెను. మేము వలదంటిమి. ఎరువు సొమ్ము బరువు చేటు. పాండవులు విరాటుని కొలువునకుఁ బోవునప్పుడు ధౌమ్యుఁడు చెప్పిన నీతులలో, ఏలినవానితో సమానమైన వేషము వేయరాదనునది యొకటి. అది కొలువువారికిఁ జెప్పినదైనను అతిథికిని జెల్లును. ఆ కుట్టుపనిలో వ్రాసియున్నది యొకరి యింటిపేరువంటిది. మనది కానిదానిని మనమీఁద వేసికొని తిరుగనేల? జెండా రంగుల రిబ్బను మాత్రము అందఱును ఱొమ్మునఁ బెట్టుకొందురు; అది యతిథులకును దగును.

ఇంతలో మా అమ్మగారు టెలిఫోను చేసిరి. మా ముత్తాతగారు ఖద్దరు తప్ప కట్టనివారు. వారి వంశపుబిడ్డ చేత పరదేశపు జెండా పట్టింతురా యని ఆమె కోపము. మేము తొందరపడక బదులు చెప్పితిమి: తరగతి పిల్లలందఱు నడచుచుండఁగా ఇదొక్కతియే గట్టుమీఁద నిలిచినచో, నీవు మాదానవు కావను మాట దానికి మనమే నేర్పినట్లగును. మన యూర ఆగస్టు 15న ఎవరైన పరదేశీయుఁడు వచ్చి మనతో నిలిచినచో మనమే పిలిచి జెండాబిళ్ల తగిలింపమా? అప్పుడు వాని దేశభక్తి కేమి లోటు వచ్చినదని యడిగితిమా? అమ్మగారు కొంత సేపూరకుండి, అట్లయినచో పట్టుపరికిణీ కట్టి పంపుఁడనిరి.

పోఁదలఁచువారికి రెండు మాటలు. ఆనాఁడు అంగళ్లు మూసియుండును. పాలు, కూరలు ముందునాఁడే తెచ్చుకొనవలయును. మే నెల యని నమ్మి పోరాదు. చలి, వాన రెండును గలవు, పట్టు క్రింద ఉన్ని వేయవలయును. ఊరేగింపు నడుమ నడ్డము నడువరాదు. పరుల పిల్లలను ఫొటో తీయుటకుఁ దల్లుల నడుగవలయును. గీతము పాడునప్పుడు రానిచో లేచి నిలిచి మౌనముగా నుండుటయే మర్యాద. నోరు కదల్చి నటింపరాదు. ఎదురైనవారికి "గ్రాతులేరెర్ మె దాగెన్" అనవలయును. పుట్టినరోజునాఁడు చెప్పుకొను మాటయే యది. ఆనాఁడు దేశమంతటికిని పుట్టినరోజన్నమాట.

ఊరేగింపు ముగిసినపిమ్మట బడి యావరణమున విందు. తల్లులు తలకొక పిండివంట తెత్తురు. మేము రవ్వలడ్లు చేసికొని పోయితిమి. అవి దేనితోఁ జేసినవని యడుగని స్త్రీ లేదు. ఏలకులను వారును రొట్టెలలో వేయుదురట, వాసనచేతనే గుర్తుపట్టిరి. పిల్లలకు ఐసుక్రీము కోరినన్ని. గోనెసంచుల పరుగు, గరిటెలో గ్రుడ్డు పెట్టుకొని పరుగు, ఇట్టి యాటలు. మాంసము ముట్టనివారు ముందే యడిగి తెలిసికొనుట మేలు. ఆవిరి పొగలు గ్రక్కు పళ్లెములలోనివి చాలవఱకు మాంసపు వంటకములే.

ఆ సాయంకాలము మరల అమ్మగారు టెలిఫోను చేసిరి. జెండా మాట యెత్తలేదు. వాన వచ్చినదటగదా, పరికిణీ జరీయంచు తడిసినదా యని మాత్ర మడిగిరి. తడిసినది. ఐసుక్రీము మరక గూడ నున్నది.