తూకానికి వేసే ముందు...

కంచరపాలెం పేరులోనే కంచరి ఉన్నాడు. ఆ పేటలో ఏ ఇంటి బీరువా వెతికినా, పసుపు గుడ్డలో చుట్టిపెట్టిన వెండి నాణెం ఒకటైనా దొరక్కపోదు. ఇంట్లో పెళ్లి కుదరగానే అది కురుపాం మార్కెట్‌కు వెళ్తుంది. తూకానికి వేస్తే మట్టెలో, పట్టీలో వస్తాయి. అయితే అది తూకానికి మించి పలికే నాణెమేమో ముందే చూసుకోవాలి!

వెండి నాణేనికి మూడు విలువలు. మీద ముద్రించింది ఒకటి. లోహానిది రెండోది. సేకరించేవారు ఇచ్చేది మూడోది.

గాంధీజీ శతజయంతికి 1969లో వచ్చిన పది రూపాయల నాణెమే తీసుకోండి. దానిమీద 1869-1948 అని ఉండటంతో చాలామంది 1948 నాటిదనుకుంటారు. బరువు 15 గ్రాములు, అందులో 80 శాతం వెండి. అంటే 12 గ్రాములు. ఆనాటి వెండి ధరతో హెచ్చవేస్తే వచ్చేదే దాని కనీస విలువ. లక్షల్లో ముద్రించారు కాబట్టి అరుదైనదేమీ కాదు. అరగకుండా, గీతలు పడకుండా ఉంటేనే ఎక్కువ పలుకుతుంది.

పాత రూపాయలన్నీ వెండివి కావు. బ్రిటిష్ కాలపు రూపాయి 11.66 గ్రాములు. అందులో దాదాపు 92 శాతం వెండి ఉండేది. 1940లో దాన్ని సగానికి తగ్గించారు. 1947 నాటి రూపాయి పూర్తిగా నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది.

ఏ టంకశాలలో తయారైందో కూడా చూడాలి. స్వాతంత్య్రం తర్వాతి నాణేలపై సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది నాణెమైనా, తక్కువ ముద్రించిన టంకశాలదైతే గిరాకీ ఎక్కువ.

మరి కొత్త స్మారక నాణేల సంగతి? ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. తయారైంది హైదరాబాద్ టంకశాలలో. బరువు 35 గ్రాములు, వెండి సగమే. అప్పటి ధరకు అందులోని వెండి పదిహేను వందలు కూడా చేయదు. అమ్మిన ధర మాత్రం మూడున్నర వేలకు పైనే! మిగతాదంతా తయారీకి, పెట్టెకు, అభిమానానికి. అభిమానంతో కొంటే సంతోషమే. లాభం కోసమైతే ఓపిక పట్టాలి. అప్పుడు కూడా అసలు పెట్టె పోతే ధర తగ్గుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. వ్రతం ముందురోజు చింతపండుతోనో, విభూతితోనో నాణేన్ని తళతళా తోమేస్తుంటారు. నలుపుతోపాటు పైపొర కూడా పోతుంది. సేకర్తలు తోమిన నాణేన్ని ఇట్టే పసిగడతారు, ధర తగ్గించేస్తారు. పూజకు వేరే నాణెం వాడుకోండి. నాయనమ్మ దాచిన దాన్ని అంచులు పట్టుకుని తీసి, మెత్తటి కాగితంలో చుట్టి, ఎవరిచ్చారో ఒక చీటీ రాసిపెట్టండి. అమ్మక తప్పకపోతే ముందు ఇద్దరు సేకర్తలకు చూపించండి. తక్కెడ దగ్గరికి ఆ తర్వాతైనా వెళ్లొచ్చు.